ఉతికి తిరిగివ్వవలెను

మా హాస్టల్లో మంచి చీర ఒక్కటే ఉండేది.
పాలపిట్ట రంగు, సన్నంచు,
కుచ్చిళ్ల దగ్గర తుప్పు మరక.
అది లోపలికి పోయేలా కట్టడం
చేరిన నెల్లోనే నేర్చేసుకునేవాళ్లం.

టీచరు ట్రైనింగు సీటుకి నేను కట్టాను.
గ్రూపు ఫొటోలో ముందు వరస కుర్చీలో
చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది అన్నపూర్ణే గాని
ఇప్పటికీ ఎవరు చూసినా చీరనే చూస్తారు.
గౌరీశ్వరి దాన్ని కట్టి పెళ్లిచూపులకెళ్లి
"నచ్చలేదని చెప్పీసొచ్చీసాను" అంటూ
గంటస్తంభం దగ్గర కొన్న పకోడీల పొట్లం విప్పింది.
ఆ నూనె వదలడానికి రెండు కుంకుళ్లు,
ఇరవై శాపనార్థాలు.

రేకుపెట్టె మూత లోపల సుద్దతో ఒక మాట ఉండేది.
చెరిగినప్పుడల్లా ఎవరో ఒకరు దిద్దేవారు:
ఉతికి తిరిగివ్వవలెను.

ఇరవై ఎనిమిదేళ్లకి
ముప్పై ఒక్కమందిమి ఫోన్లలో దొరికాం.
పొద్దున్న పూల బొమ్మలు,
మధ్యాహ్నం మోకాళ్లకి చిట్కాలు,
ఆదివారం మాత్రం లెక్క. మనిషికి రెండొందలు.
కండక్టరు సింహాచలం ఎవర్నీ వదలదు,
"టికెట్టు తియ్యలేదు నువ్వు" అని
బకాయి ఉన్నవాళ్లకి రాత్రి పదింటికి రాస్తుంది.

హాస్టలుకి ఏమిద్దాం?
నీళ్ల మిషనంది ఒకర్తె. ఫ్యాన్లంది ఇంకొకర్తె.
పాలరాతి పలక, దానిమీద మన పేర్లు అంది అన్నపూర్ణ.
మూడు వారాలు దెబ్బలాడుకున్నాం.
ఇద్దరు అలిగి వెళ్లిపోయారు,
ఒకర్తె మళ్లీ వచ్చింది.

ఎప్పుడూ మాట్లాడని ఎస్తేరు
ఆ రాత్రి ఒక ఫొటో పెట్టింది.
బీరువా అరలో, కలరా ఉండల మధ్య,
పాలపిట్ట రంగు.
"బ్యాంకు ఇంటర్వ్యూకి కట్టిందాన్ని నేనే ఆఖరు.
ఉద్యోగం వచ్చిన కంగారులో ఇవ్వలేదు.
తరవాత సిగ్గేసి ఇవ్వలేదు."

చాలాసేపు ఎవరూ ఏమీ రాయలేదు.
అప్పుడు గౌరీశ్వరి: "అది నీలవేణిది కదే?"

జూట్ మిల్లు మూతపడ్డ ఏడు
పరుపు చుట్ట నెత్తిన పెట్టుకుని
రెండో సంవత్సరం మధ్యలో వెళ్లిపోయిన నీలవేణి.
ఏ గ్రూపులోనూ మేం వెతకని నీలవేణి.

నలుగురం ఆటోలో నెల్లిమర్ల వెళ్లాం.
కుట్టుమిషను మీంచి తలెత్తి
ముందు చీరని గుర్తుపట్టింది, తరవాత మమ్మల్ని.
"ఓలమ్మ, ఇది నాదేటి?
నాను చేరినప్పుడు సీనియరు పైడమ్మక్క ఇచ్చింది.
ఆవిడికెవులిచ్చారో!"

అంచు తిప్పి చూసింది,
చిరుగు చూసి నాలిక చప్పరించింది.
మాట్లాడుతూనే పాత ఫాల్సు విప్పి కొత్తది వేసింది.
డబ్బులు తీసుకోలేదు.
డబ్బాలోంచి రెండొందలు తీసి చేతిలో పట్టుకుని
"నాను పరీక్ష రాయనేదు కదా,
నా పేరు లెక్కలో ఉంటాదా?" అంది.

సింహాచలం పుస్తకం తీసింది.
ముప్పై రెండు, అని రాయడానికి
పెన్ను మూడుసార్లు విదిలించింది.

ఇప్పుడు హాస్టలు కింది గదిలో ఇనప బీరువా ఉంది.
పదకొండు చీరలు, ఆరు చుడీదార్లు,
రెండు నల్లకోట్లు, సైజులవారీ చెప్పులు.
పలక లేదు. అన్నపూర్ణ నెల్లాళ్లు మాట్లాడలేదు,
ఆనక ఇస్త్రీపెట్టె పంపింది,
అడుగున మేకుతో తన పేరు గీకి.

తలుపుకి దారంతో కట్టిన పుస్తకం.
తీసుకున్న తేదీ, ఇచ్చిన తేదీ.
మొన్న చూడ్డానికి వెళ్తే
కురుపాం వైపు నుంచొచ్చిన పిల్లట,
పాలపిట్ట రంగుది తీసుకెళ్లి నాలుగోనాడు ఇచ్చింది.
ఉద్యోగం సంగతి రాయలేదు.
గుండ్రటి అక్షరాలతో ఇంతే రాసింది:
"ఉతికాను. మరక పోలేదు.
లోపలికి పోయేలా కట్టుకున్నాను."