నాలుగో కాలు

కాశిబుగ్గ సందుల, కోతమిషన్ వెనక రేకుల షెడ్డు.
పది దాటితే రేకులు కాగిన పెనం,
అందుకే ఆరింటికే స్విచ్చేస్త.
ఎదురింటి నీలవ్వ చాయ్ గిలాస పట్టుకొని
"లేచిండు కందిరీగల దొర" అంటది.

నిజమే, రౌటర్‌ది కందిరీగ మాట.
నిమిషానికి ఇరవైవేల చుట్లని డబ్బ మీద రాసుంది.
నేను లెక్కపెట్టలే.
నేను లెక్కపెట్టేటియి వేళ్లు.
పొద్దుగూకినంక పదీ ఉన్నయా చూసుకొని ఇంటికి పోత.

నర్సంపేట హోమియో డాక్టరు సుమతమ్మ
ఫోన్ల బొమ్మ చూపెట్టింది.
బల్లకు నాలుగు కాళ్లు,
మోకాలు ముందుకు ఉబ్బి, మడిమ కాడ సన్నబడి,
ఇప్పుడే ఉరుకుతయేమో అన్నట్టు.
"మందుసీసాలు పెట్టుకుంట ఐలాచారీ, కదలొద్దు."
కదలని బల్లకు
కదిలేటట్టున్న కాళ్లు కావాలె.

కర్ర మండిబజార్ల రోడ్డు కింద పోయిన ఇంటిది,
దర్వాజ దిమ్మె.
సున్నం, నీలం రంగు, మళ్ల సున్నం,
ఎన్ని దసరాలో అన్ని పొరలు.
గీకితే లోపల టేకు
నిన్న కోసినట్టు నూనెవాసన కొట్టింది.

మొదలు ప్లైవుడ్ ఫర్మా కోసిన. దానికే రెండు రోజులు.
ఫర్మాల ఎంట్రుకంత తప్పుంటే
నాలుగు కాళ్లూ ఆ తప్పునే నమ్మకంగ మోస్తయి.
బిట్టు కింద బేరింగుకు కండ్లు లేవు,
గోడ పట్టుకొని నడిచే ముసలామె తీర్గ
అంచును తడుముకుంట పోతది, అంతే.

సాదిక్‌కు నేర్పినయి రెండే.
బిట్టు తిరిగే దిక్కుకు ఎదురు నడుపు.
దాని వెంబడి పోతివా,
పలుపు తెంపుకున్న కోడె, నిన్నే ఈడ్చుకపోతది.
ఇగ రెండోది, ఆగకు.
ఆలోచన వస్తే మిషన్ లేపి ఆలోచించు.
కర్ర మీద నిలవడి ఆలోచిస్తే
ఆడ నల్లగ కాలుతది,
నీ అనుమానం అచ్చుపడుతది.

మూడు కాళ్లు నలభై నిమిషాల్ల దిగినయి.
పొట్టు మోకాళ్లదాక.
సాదిక్ కనుబొమ్మలు ముసలోనివైనయి.

నాలుగోదాని మోకాలి కింద
ఠక్కుమన్నది.
మిరపగింజంత నిప్పు.
పన్నెండువందల బిట్టుకు పన్ను ఊడి రేకుకు తగిలింది.
సప్పుడు ఆగేసరికి
నీలవ్వ గూడ బయటికొచ్చి చూసింది.

మొల.
తల లేదు, నాలుగు పలకలది, కమ్మరి కొట్టింది.
తోరణం కట్టనీకో, లాంతరు తగిలియ్యనీకో,
ఏ పోరడో పతంగి దారం చుట్టనీకో.
ఇల్లు కొలిచి పైసలు కట్టిచ్చిన కాయితంల
మొలలు రాయరు.

ఇంకో కాలుకు కర్ర లేదు.
గోనెసంచి ఇప్పి ఉలి తీసిన,
నాలుగేండ్ల తుప్పు.
రాయి మీద నీళ్లు చల్లి నూరుతుంటే సాదిక్ అడిగిండు:
"ఇది గూడ వస్తదా అన్నా నీకు?"
"వస్తది. ఏడ్సుకుంట నేర్సిన."
మొల పీకి, టేకు బిరడ కొట్టి,
నార తిరగబడ్డకాడ కాలును తిప్పి పట్టుకొని
గోరంత గోరంత తీసుకుంట పోయిన.
ఉలి ఆగొచ్చు.
ఉలి మీద ఎంతసేపైన ఆలోచించొచ్చు, కర్ర కాలదు.
ఫర్మా గోడకే ఉండిపోయింది.
మగ్రిబ్ అజా ఇనవడ్డది, నాకింక మడిమె మిగిలింది.

పాలిష్ పట్టనీకి ఖలీల్‌భాయ్ వచ్చిండు.
ఆయన కాళ్లను చూడడు,
కండ్లు మూసుకొని బొటనవేలుతోని చదువుతడు.
"ఈ మూడు ఒక్క కాన్పు పిల్లలు" అన్నడు.
నాలుగోదాని మీద వేలు
పోయింది, మళ్లొచ్చింది, మళ్ల పోయింది.
"ఇదేందివయా,
ఇది నడుచుకుంట వచ్చినట్టుంది."

ఆ కాలును గోడదిక్కు పెట్టుకోమని
సుమతమ్మకు చెప్పాలనుకున్న.
చెప్పలే.
ట్రాలీల బల్ల బోర్ల పోయింది,
నాలుగు కాళ్లు మొగులుకు లేపి,
తాళ్లు కట్టిన గుర్రం తీర్గ,
గుంతల మీద ఎగురుకుంట.
ఇంతదూరం నుంచి ఏది ఏదో
నాకే తెలువలే.

షెడ్డుకు తాళమేసి లెక్క చూసుకున్న:
పది వేళ్లు, అంగి జేబుల ఒక మొల.