తొమ్మిదో చెక్క

జేలాండ్ దీవుల్లో మా ఊరు.
అక్కడ సముద్రం ఇంటి కప్పుకన్నా ఎత్తున ఉంటుంది.
మధ్యలో ఒక మట్టికట్ట,
కట్టలో గుర్రబ్బండి పట్టేంత సందు,
సందుకి అటూ ఇటూ రాతిలో తొలిచిన గాడి.
పోటు హెచ్చిన రాత్రి ఆ గాడిలోకి
ఒకదానిమీద ఒకటి తొమ్మిది చెక్కలు దించాలి.
ఆ పని మా నాన్నది. క్రైన్ వెస్ట్‌దోర్ప్,
కట్టకాపలా జీతగాడు,
ఏడాదికి నలభై గిల్డర్లు, ఒక జత బూట్లు.

ఆ జనవరి రాత్రి చెక్కలు ఎనిమిదే ఉన్నాయి.

తొమ్మిదోది మా పందిదొడ్డిలో ఉంది.
ఆకులు రాలే రోజుల్లో ఆడపంది తడిక విరగ్గొడితే
"రెండ్రోజులకే కదా" అని నాన్నే మోసుకొచ్చాడు.
రెండ్రోజులు నాలుగు నెలలయ్యాయి.
గాలి వాయవ్యానికి తిరిగింది.
చీకట్లో ఆయన మేకులు పీకుతుంటే
నేను లాంతరు పట్టుకున్నాను.
చెక్క ఊడివచ్చింది. అంతకు ముందే నీళ్లొచ్చాయి.
జానెడు సందు.
ఆ జానెడు చాలింది పీటర్నెల్లా ఇంటి గోడకి,
అటక మెట్లు సగం ఎక్కిన
ఆమె ఆరేళ్ల ఈమన్‌కి.

ఆదివారం నల్లబట్టల్లో అందరం కూర్చున్నాం,
గుడి గోడలమీద నడుమెత్తున ఉప్పుచార.
పాస్టరుగారు చెప్పారు:
లోకం పుట్టకముందే ఆ కెరటానికి ఎత్తు కొలిచినవాడు ఆయనే,
ఆయన సెలవు లేకుండా ఒక్క చుక్క కట్ట దాటలేదు.
జనం తలలూపారు.
ఆ మాట మాకు కొత్త కాదు, తల్లిపాలతో తాగిందే.
నాన్న లేచి నిలబడ్డాడు.
మా గుడిలో ప్రసంగం మధ్య ఎవరూ లేవరు.
టోపీని రెండు చేతుల్తో నలుపుతూ అన్నాడు:
"అయ్యా, కెరటం ఆయనది. కాదనను.
పందిదొడ్డి నాది."
కూర్చున్నాడు.

వారం పోయాక పీటర్నెల్లా మా వంటింట్లోకి వచ్చింది.
"క్రైన్, దేవుడు పిలిచాడు, వాడు వెళ్లాడు.
నీ తప్పేం లేదు."
నాన్న ముఖం అలా మళ్లీ ఎప్పుడూ చూడలేదు నేను.
చలిలో కప్పుకున్న దుప్పటి ఎవరో లాగేస్తున్నట్టు,
"అది మాత్రం తీసుకుపోకమ్మా" అన్నాడు.
"తప్పు నాది కాదంటే
నువ్వు దేన్ని క్షమిస్తావు? ఆయన దేన్ని క్షమిస్తాడు?
ఉత్తచేతుల్తో పోయి
ఆ గుమ్మం ముందు ఏమని అడగను?"

ఆమె చాలాసేపు పలకలేదు.
పొయ్యిమీద నీళ్లు మరిగి మరిగి అడుగంటాయి.
ఆఖరికి, "అయితే నీదే" అంది.
"నీదే, క్రైన్. నా బిడ్డని నువ్వు"
అని ఆపేసి ఏడ్చింది.
వరద వచ్చాక మొదటిసారి ఏడ్చింది.
క్షమించానని ఆరోజు అనలేదు,
ఏ రోజూ అనలేదు.
ఎనిమిదేళ్ల తర్వాత ఈస్టరుకి
గుడ్డలో చుట్టిన వేడి రొట్టె మా బల్లమీద పెట్టి వెళ్లింది.
అదే అనుకోవాలి.

నాన్న బతికినన్నాళ్లూ
పొద్దుగూకే వేళకి కట్ట దగ్గరికి పోయేవాడు.
చెక్కలమీద తనే తారుతో అంకెలు వేశాడు.
ఒక్కోదాన్నీ వేలితో తాకి, పైకి లెక్కపెట్టి,
అప్పుడు తడిగడ్డిలో మోకాళ్లూనేవాడు.
నాకు పదమూడేళ్లు, నోటిదురుసు. అడిగాను:
"అంతా ఆయన చేతిలోనే ఉంటే ఈ లెక్కెందుకు?
లెక్క సరిపోయాక ప్రార్థనెందుకు?"

నాన్న తొమ్మిదోదాని దగ్గర ఆగాడు.
దానికి నాలుగు మేకు తూట్లు.
పూడుస్తానని వడ్రంగి ఎన్నిసార్లడిగినా ఒప్పుకోలేదు.
"లాంతరు కాస్త ఎత్తి పట్టుకో" అన్నాడు,
"అంకె కనబడటం లేదు."