టికెట్టు మందం

చీమకుర్తి. మిట్టమధ్యాహ్నం.
షెడ్డులో కూలరు నీళ్లకంటే రాతిపొడే ఎక్కువ చల్లుతోంది.
తెరమీద ఇనుప దవడ, నల్లరాయి,
నడుమ వెంట్రుకంత సందు.

సందున్నంతసేపూ బలం సున్నా.
మూసుకున్నాక గట్టిదనం ఎంతని చెప్పను?
తగ్గిస్తే ఇనుము రాతిలోకి దిగబడిపోతుంది
మడిలో గేదె కాలులా.
పెంచితే
తగిలి, ఎగిరి, మళ్లీ తగిలి
లెక్క తెమలదు.
నలభై ఒకటో ఇటరేషన్ దగ్గర చేతులెత్తేసింది.

బయట క్రేను కింద ఏసోబు
కాలే రాతిమీద మోకాలు ఆనించి
జేబులోంచి పొద్దుటి ఒంగోలు బస్సు టికెట్టు తీశాడు.
దవడకీ రాయికీ మధ్య పెట్టి చూశాడు.
పైన దూరలేదు. పక్కనా దూరలేదు.
కింద, ఎడమ మూల,
సగందాకా జారింది.

"దించరా మస్తానూ,
ఇది మూడు పళ్లతోనే కరుస్తోంది."

పదిహేను టన్నులు
జానెడైనా లేవకుండానే నేలకు దిగాయి.

నేను గీసిన దవడ చదును.
అతనిది పదకొండేళ్లు అరిగింది.

రాత్రి ఆ మూల నోడ్లను
ఒక్కొక్కటే వెనక్కి జరిపాను,
టికెట్టు మందమంత.
తొమ్మిదో ఇటరేషన్‌కే లెక్క నిలిచింది.
ఒక మూల నీలంగా, ఏమీ ఎరగనట్టు.
మిగతా మూడూ
ఎర్రగా, పళ్లు బిగించి.