జీలుగ

బర్కాల బావి నీళ్లు మారిన సంగతి ముందుగాల మేకలు చెప్పినయ్.
మూతి పెట్టి తీసేసినయ్.
ఆ తర్వాత నిమ్మాకుల అంచులు మాడినయ్.
ఆఖరికి మాకు తెలిసింది,
సముద్రం భూమి కిందికెల్లి నడిచొస్తున్నదని.

పొద్దున లేస్తే మడుల మీద తెల్లటి పొక్కు.
చక్కెర, అన్నడు మొఫీజుల్ నవ్వుకుంట.
నేను చిటికెడు తీసి నాలుక మీదేసుకున్న.
మా అవ్వ పరాయి చేన్ల కలుపుకు పోయి
ఇట్లనే రుచి చూసేది, ఉమ్మేసి చెప్పేది:
ఇది దుబ్బ, ఇది రేగడి,
ఇది చౌడు, ఎవ్వల కడుపూ నింపది.
మాకు గుంటెడు జాగ లేదు గని
ఊరి మన్ను రుచంతా మా ఇంటి నోట్లనే ఉండె.

ఖల్ఫాన్ ముసలాయన కర్ర ఆనిచ్చి అడిగిండు, ఏందని.
"మిల్హ్" అన్న.
నాకొచ్చిన అరబ్బీల
నీళ్లు, జీతం, రేపు తర్వాత అదే మాట.
తల ఊపిండు, ఎప్పటిసందో తెలిసినట్టు.
వాళ్ల నాయిన పెట్టిన ఖర్జూరాలు
మొవ్వులెండి గోడ పక్కన నిలబడే ఉన్నయ్.

కోరుట్ల నుంచొచ్చే పోశెట్టితోని తెప్పించిన,
చెప్పుల డబ్బాల రెండు కిలోల జీలుగ ఇత్తులు.
ట్యాంకరు మంచినీళ్లు మూడు తడులిచ్చి
ఉప్పును కిందికి తోలి, చల్లిన.
నలభై రోజులకు నడుమెత్తు.
ముసలాయన మనవరాలిని సంకనెత్తుకొచ్చి
పచ్చదనంల ఫోటోలు దిగిండు.

పసుపుపచ్చ పూత పొడిచిన నాడు
ట్రాక్టరు కావాలన్న.
కోతకా?
కాదు, దున్నేటందుకు.
పానమున్న పైరును మన్నుల కలిపే మాట
నాకొచ్చిన బాసలల్ల లేదు.
చేతులతోని చూపిన:
ఇది మనం తినేది కాదు,
నేల తినేది.
పోరి ఏడ్వబట్టింది.
ఆయన చాన సేపు చేను దిక్కే చూసి
జేబుల చెయ్యి పెట్టి తాళంచెవి తీసిండు.

ఇరవై రోజులు కుళ్లు వాసన,
మా రేకుల షెడ్డు దాకా.
ఎవ్వలూ ఏమనలే, ముక్కుకు తువ్వాల కట్టుకున్నరు.

ఇయ్యాల పిడికిట్ల పట్టిన.
ముద్దయింది. వదిలితే ఇచ్చుకపోయింది.
ఎర్ర ఒక్కటన్న దొరుకుతదని
మోచేతి లోతు తవ్విన, దొరకలే.
వీసా ఇంక నాలుగు నెలలే ఉన్నది.
చిటికెడు తీసి నాలుక మీదేసుకున్న.
ఉప్పున్నది.
గని ఈసారి ఉమ్మలే.

వెనుక మొఫీజుల్
పాలకూర ఇత్తులు నానబెడుతున్నడు,
చెప్పకముందే.