పదిహేను నిమిషాలు

వాల్దీవియాలో మూడో రోజూ వాన.
నది రేవు మెట్లలో రెండింటిని మింగేసింది.
చేపల బజారు వెనక సముద్రసింహాలు
అప్పు వసూలుకొచ్చినవాళ్ళలా
కదలకుండా కూర్చున్నాయి.

ప్రసూతి ఆసుపత్రి మూడో అంతస్తులో
తెల్లబోర్డు మీద నేను శాంతియాగో గీస్తున్నాను:
మూడు పెట్టెలు, మూడు జోన్లు,
దేని కరెంటు దానిదే, దేని చల్లగాలి దానిదే,
దేని తాళం దానిదే.
ఇక్కడ రాసిన ప్రతి అక్షరం
మూడు చోట్లా పడితేగాని
"రాశాను" అనదు యంత్రం.

"మూడు పెట్టెల కిందా నేల ఒక్కటేగా?"
తడి గొడుగు కుర్చీకి తగిలిస్తూ
అడిగింది ఒతీలియా బార్రియెంతోస్,
నలభై ఏళ్ళుగా ఇక్కడ మంత్రసాని.
నా పెన్ను ఆగింది.

ఆమె పుట్టింది అరవైలో,
భూకంపం వెళ్ళిన తొమ్మిదో రోజున, ఒక గుడారంలో.
తేదీ రాసిన పుస్తకాన్ని
రెండు నెలలకి వరద పట్టుకుపోయింది.
సాక్షులిద్దరు, చెప్పిన రోజులు రెండు.
రెండు రోజులూ కేకు తింటుంది.

సరే, నాలుగో పెట్టె.
ఆండీస్ కొండలకి అవతల, సావో పాలోలో.
గీత ఎంత పొడుగొచ్చిందంటే
బోర్డు అంచు దాటి గోడ మీదికి పోయింది.

అంత దూరం పంపే ప్రతి అక్షరాన్నీ
"చేరావా, చేరావా" అని ఆగి అడిగితే
ఇక్కడ మానిటర్ మీద బిడ్డ గుండె గీత
నిలబడిపోతుంది.
కనక పంపేస్తాం, జవాబుకి ఆగం.
నకలు వెనకబడి వస్తుంది,
మోకాలి నొప్పున్న చిన్నాన్న
పెళ్ళి ఊరేగింపు వెంట వచ్చినట్టు.

"ఎంత వెనక?"
"పదిహేను నిమిషాలు.
తగ్గించాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది"
అన్నాడు లెక్కల విభాగం హెరార్దో వెంచులాఫ్,
కిటికీ బయటి వాన చూసి
తన మాటకి తనే నవ్వుకుంటూ.

ఒతీలియా వేళ్ళు మడిచింది.
నాలుగో గదిలో కవలలు:
వాడికీ దానికీ మధ్య పన్నెండు నిమిషాలు.
మెడకి పేగు చుట్టుకుని నీలంగా వచ్చిన బిడ్డకి
రంగు తిరగడానికి మూడు.
ఒక తల్లికి రక్తం ఆగడానికి...
ఆ వేలు మడవలేదు.
"ఏ పదిహేను పోతాయో
మీ పెట్టె ముందే చెబుతుందా?"

చెప్పదు.

నేను చెప్పనిది కూడా ఒకటుంది.
పోయినేడు మార్చిలో, నిద్ర చాలని ఒక తెల్లవారుజామున,
ఒక తప్పు ఆజ్ఞ కొట్టాను.
వారం రోజుల స్కానింగులు చెరిగిపోయాయి,
మూడు జోన్లలోనూ, ఒకేసారి,
ఎంత విధేయంగానో.
నకలుకి మంచీ చెడూ తెలీదు.
నువ్వు ఏడుపు పంపితే ఏడుపు రాసుకుంటుంది,
ఖాళీ పంపితే
ఖాళీని జాగ్రత్తగా మూడుచోట్ల దాస్తుంది.
(దొరికాయిలే. ఒక డాక్టరమ్మ పాత ల్యాప్‌టాప్‌లో,
అదీ అన్నీ కాదు.)

అందుకే బోర్డు మూలన,
ఏ గీతా తాకకుండా, చిన్న పెట్టె ఒకటి గీశాను.
దాని పేరు నిన్నటి రాత్రి.
ముప్పై రోజులపాటు ఎవరూ,
నా చెయ్యి కూడా, చెరపలేని నిన్న.

"దానికెంత?" అన్నాడు హెరార్దో.
చెప్పాను.
ఈసారి నవ్వలేదు. కాగితం తన వైపు లాక్కుని
చాలాసేపు చూసి సంతకం పెట్టాడు.

మంగళవారం రాత్రి రెండింటికి
శాంతియాగో పోయిందనుకుని
మేమే తీగ లాగి చూస్తాం.
ఆ రాత్రి డ్యూటీ అడిగి వేయించుకుంది ఒతీలియా.
జేబులో రెండు పెన్సిళ్ళు, గోడ గడియారంతో
సరిచూసుకున్న చేతి గడియారం.

సాయంత్రం ఎవరో వచ్చి బోర్డు తుడిచేశారు.
గోడ మీదికి పాకిన గీత ముక్క మాత్రం
తడిగుడ్డకి లొంగలేదు.
జానెడు నల్ల గీత,
తూర్పుకి.