దాపట రాత

ఆదోని మార్కెట్ యార్డులో
పత్తి కాటా చీటీలు రాసే ఉరుకుందమ్మను నేను.
ఇరవై రెండేండ్లుగా రాస్తున్నా.
నా రాతకు పేరు మాత్రం
మొన్నటిదాకా దొరకలేదు.

చేతికి చాలా పేర్లుండేవి.
రొడ్డచెయ్యి. పుర్రచెయ్యి.
"ఏమ్మే, ఆ చేత్తోనా దేవుని పేరు రాసేది?"
రాత మొహం ఎవరూ చూడలేదు.

తిమ్మప్ప అయ్యవారు
అక్షరానికి ఒళ్లంతా పేర్లు చెప్పేవాడు.
తలకట్టు, కొమ్ము, గుడి, వట్రసుడి.
పాత పుస్తకాల్లో ర్ అని పలికే ఒక గుర్తు,
వలపలగిలక.
వలపల అంటే కుడి అన్నాడు.
మరి దాపలగిలక యాడుంది సార్?
బెత్తం నా ఎడమ అరచేతిలో
దాన్ని రాసి చూపించింది.

అక్షరం ముందు, చెయ్యి వెనక.
నా చిటికెనవేలి అంచు
అప్పుడే లేచిన మొలకల మీద నడిచే గొడ్డు.
అలుకుతూ అలుకుతూ పేరు మరిచిన ఈగ కథ
అవ్వ చెప్తే అందరూ నవ్వారు.
నాకు నవ్వు రాలేదు.

పక్కింటి మహబూబ్‌బీ ఉర్దూ బడికి పోయేది.
ఒకనాడు ఆమె నోటుబుక్కులో
అలిఫ్, బే, పే గీశాను, కుడి నుంచి ఎడమకు.
చెయ్యి ముందు, సిరా వెనక.
ఒక్క మరక లేదు!
నాకు చదవరాని ఆ పేజీని
చాలాసేపు ఊదుతూ కూర్చున్నా,
ఊదే పని లేకపోయినా.

గొర్రుకు ఎద్దులు కడుతూ నాయన ఒకసారి,
"ఎలపట ఒకటి, దాపట ఒకటి.
దాపటెద్దును ఎవురన్నా తిడతారా పాపా?"
అన్నాడు. అంతే.
రెండో మాట ఆడే మనిషి కాదు.

మొన్న గొడవైంది.
కౌతాళం నాగేంద్రప్ప తెచ్చింది నలభై ఒక్క క్వింటాళ్లు.
చీటీలో పద్నాలుగు.
"రొడ్డచేతిది కదా, అంకె తిరగేసి రాసింటాది"
అన్నాడు షావుకారి మనిషి.

విచారణకొచ్చిన ఆఫీసరు
నీ రాత ఎట్లుంటుందో చెప్పమన్నాడు.
మాటలు యాడనుంచి తెద్దును?
ఇంట్లో, చేన్లో ఉన్నవే తెచ్చుకున్నా.

"సార్, తలకట్టు అందరూ లాగి విడుస్తారు,
నేను తోస్తాను.
లాగిన గీతకు తోక సన్నం, తోసిన గీతకు తోక బరువు.
నా మణికట్టుది కొడవలి పట్టు,
వరుసకు పైనుంచి వంగి కోస్తుంది.
నా సున్న గడియారంతో పాటు తిరుగుతుంది,
మీది ఎదురు తిరుగుతుంది.
ఇంగ ప్రతి చీటీ మీదా
అంకె దగ్గర్నుంచి కుడికి ఒక నీలం అలుకు.
అది తప్పు కాదు సార్,
అది నా వేలిముద్ర."

ఆ చీటీ మీద అలుకు లేదు.
కడిగిన కంచంలా ఉంది.

ఆయన నా చెయ్యి తిప్పి చూశాడు.
చిటికెనవేలి కింద
పొద్దున్నుంచి రాసిన తూకాలు
అద్దంలోలా తిరగబడి అంటుకొని ఉన్నాయి.

రికార్డు రాస్తున్న గుమాస్తా
"రొడ్డ" అని రాసి, కొట్టేసి, తలెత్తాడు.
"ఏమని రాయాలమ్మా?"
గుమ్మం దగ్గర నాగేంద్రప్ప
తలగుడ్డలోని పత్తి పోగులు ఏరుకుంటున్నాడు.
"దాపట రాత అని రాయండి" అన్నా.

కుడిచేత్తో రాశాడు.
లాగి విడిచిన తలకట్టు, ఎక్కడా మరక లేదు.

కింద నేను సంతకం పెడుతుంటే
కొడవలి పట్టు పై వరుసకు తగిలి
ఆ మాట కొంచెం అలికింది.