కుండకు అర టికెట్టు

నేను తాగను.
మా ఇంట్లో తాతల నాటినుంచీ ఎవరూ తాగలేదు.
అయినా ఎక్సైజులో ఇరవై తొమ్మిదేళ్ళు
నా ముక్కే నాకు జీతం తెచ్చిపెట్టింది.

నల్లబెల్లం ఊట దూరాన్నుంచే పట్టిస్తుంది:
యూరియా, పాత టైరు, కుళ్ళిన అరటితొక్క,
ఎవడి పేగులు ఏమైతేనేం అనే తొందర.
కొండకింద ఊళ్ళల్లో డ్రమ్ములకొద్దీ ఒలకబోశాను,
ఒక్క రాత్రీ నిద్ర చెడలేదు.

దోర్నాల పైన, ఆ చెంచు పెంటలో మాత్రం
వాసనే నాకు ఎదురొచ్చి నిలబడింది.
తేనెపట్టు కాదు, నానిన ఎండుద్రాక్షా కాదు,
వాన పడబోయే ముందు బండరాయి విడిచే ఊపిరి
కొంచెం ఉంది అందులో.
గుడిసె వెనక మూడు కుండలు.
ఒకదానికి చెవి ఆనించి
చిగుర్ల ఈదమ్మ ఏదో వింటోంది.
నన్ను చూసి వేలు పెదవిమీద పెట్టింది.
"ఇంకా మాట్లాడతంది. రేపటికి ఊరుకుంటది."

కర్రెత్తాను. డ్యూటీ.
ఒకటి. రెండు.
చివరికి ఆమె చెవి ఆనించిన కుండ.

తిట్టలేదు. శాపం పెట్టలేదు.
ఇప్పపూల నీళ్ళు పల్లానికి పారుతుంటే
అడ్డంగా మట్టి ఎగదోస్తా అంది:
"సాయిబూ, అట్టా వొదిలేసి పోబాక.
రాత్రికి ఎలుగ్గొడ్డు వచ్చి నాకుద్ది,
తూలి వాగులో పడుద్ది.
పిల్లతల్లి అది."

పార ఒకటే ఉంది.
కాసేపు ఆమె, కాసేపు నేను.
కింద జీపు డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు.
పొద్దు గూకేదాకా మన్ను కప్పాం.

పంచనామాలో
స్వాధీనపరచుకున్న సరుకు అని ఒక గడి ఉంటుంది.
ఏం రాయను?
ఆకులు తగలబెట్టకుండా
చిట్టీత పొరకతో చెట్టుకింద ఊడ్చుకున్న తెల్లారుజాములా?
తూర్పు కొమ్మకింద రాలిన పూలు ముట్టకపోవడమా
(అవి దుప్పులవట, ముళ్ళపందివట, ఆ పిల్లతల్లివట)?
ఎండి తనంతట విరిగిన కట్టె తప్ప
పచ్చిపుల్ల రుచి ఎరగని పొయ్యా?
పిప్పి మేకలకు, బూడిద సొరపాదుకు,
తొలిచుక్క లింగమయ్యకు,
మిగిలిందేదో పెళ్ళికీ చావుకీ.
పూత అయిపోతే కుండలు బోర్లా.

"ఖాళీ కుండలు, మూడు" అని రాశాను.
ఎస్సై చదివి
నన్ను టోపీ నుంచి బూట్లదాకా చూశాడు.

మరుసటి నెల జీతం రాగానే
మార్కాపురం కుమ్మరి వీధిలో పెద్ద కుండ కొని
ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను.
"పాపకు ఎన్నేళ్ళు?" అని
కండక్టరు అర టికెట్టు కొట్టాడు.
బస్సంతా నవ్వింది.
దోర్నాల దాటాక ఘాటు మలుపుల్లో
దాని కడుపు చుట్టూ రెండు చేతులూ బిగించాను.

ఈదమ్మ గోటితో కొట్టి చూసింది.
తిప్పి కొట్టింది. చెవి పెట్టి మళ్ళీ కొట్టింది.
"పచ్చిది. ఒక ఏడు నీళ్ళు తాగనీ ముందు."

ఆ ఏడాదిలోనే ఒంగోలు నుంచి ఒకాయన వచ్చాడు.
సీసా తెచ్చాడు, దానిమీద అతికించే కొండబొమ్మ తెచ్చాడు.
నెలకు వెయ్యి కావాలన్నాడు.
"చెట్టు నెలనెలా పూయదు అబ్బయ్యా"
అని రాగిజావ పోసి పంపింది.
ఆయన బొమ్మ మాత్రం బాగుందని
గుంజకు గుచ్చుకుంది.

రెండో ఏడు పూత సరిగా రాలేదు.
రాలిన కాస్తా అడవికే వదిలేసింది.
నా కుండ నీళ్ళకే ఉండిపోయింది.

రిటైరయ్యాక కూడా అప్పుడప్పుడూ వెళ్తాను.
సొరబుర్రతో ముంచి ఇస్తుంది.
చల్లగా, మట్టివాసనగా, గొంతులోకి అడవి దిగినట్టు.
"తాగనోడివి గదా" అంటుంది,
"ఈ కుండలో తాగే హక్కు
నీకే మొదలు."